కంద వేరా, కాండమా?

భీమేశ్వరరావుకు రెండు విషయాల్లో ఎదురు చెబితే గిట్టదు. ఒకటి, ఉన్నత విద్య తెలుగులోనే సాగాలి. రెండు, కందా బచ్చలి కూరను మించిన కూర లేదు. ఈ రెండూ ఒకదాని కాళ్లకు ఒకటి అడ్డం పడతాయని ఆయన కలలో కూడా అనుకోలేదు.

1971లో శేరిలింగంపల్లి దగ్గర రేకుల షెడ్లలో కొత్త డిగ్రీ కాలేజీ పెడితే, వృక్షశాస్త్రం తెలుగులో చెబుతానని అమలాపురం నుంచి ముచ్చటపడి వచ్చాడు. "పిల్లలే అడగడం లేదు, కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?" అని ప్రిన్సిపాల్ రామబ్రహ్మం విసుక్కున్నా వినలేదు. పోట్లాడి తెలుగు సెక్షను తెరిపించాడు. మంచివాడే. కాకపోతే తనకు తెలిసిందే తెలుగనుకునే రకం.

ఆ సెక్షనుకు నానక్‌రామ్‌గూడ నుంచి కనకలక్ష్మి రోజూ నడిచి వచ్చేది. ఆ ఊళ్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. ఒక్క పరీక్ష తప్పినా చదువు బందేనని తండ్రి లింగమూర్తి ముందే తేల్చి చెప్పాడు.

ప్రాక్టికల్స్ రోజున ఆ పిల్ల కంగారులో స్లైడు పగలగొట్టుకుంటే భీమేశ్వరరావుకు జాలేసింది. గట్టెక్కించాలని, చివర్లో తేలికైన ప్రశ్నే వేశాడు.

"కందలో మనం తినేది మొక్కకు ఏ భాగమమ్మాయ్?"

"వేరు సార్."

"బాగా ఆలోచించి చెప్పు."

"వేరే సార్. తీగె కింద ఊరుతది. నేనే తవ్విన."

"కందకు తీగేమిటి? అది కాండం. పుట్టినప్పటి నుంచీ తింటున్నాను నేను."

"నేను గూడ తింటున్న సార్."

దాంతో ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు ఒప్పుకోని మొండిఘటానికి ఇంక చదువేం వస్తుందని మౌఖిక పరీక్ష మొత్తానికీ సున్నా చుట్టేశాడు. ఆ సున్నాతో పిల్ల పరీక్ష తప్పింది. ఆమె పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోతుంటే మాత్రం ఆయన మనసు చివుక్కుమంది.

మర్నాడు పొద్దున్నే కనకలక్ష్మి తల్లి పోచమ్మ, గుడ్డ కప్పిన గంప నెత్తిన పెట్టుకుని కాలేజీకి వచ్చింది. వెనక కూతురు. భీమేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు.

"చూడండమ్మా, నేను లంచాలు తీసుకునే మనిషిని కాను."

"లంచమేంది సారూ. తినెటందుకు తేలే, సూసెటందుకు తెచ్చిన. గీ గడ్డలల్ల కాండం ఏడున్నదో జర సూపెట్టున్రి."

గుడ్డ తీసింది. తీగలతో, ఆకులతో సహా పీకిన ఎర్రటి దుంపలు.

"ఇవి చిలగడదుంపలు కదా?"

"ఏమో సారూ. మేమైతే కందగడ్డలంటం. శివరాత్రి ఒక్కపొద్దుకు గివే ఉడకబెడతం."

భీమేశ్వరరావు ఒక దుంపను చేతిలోకి తీసుకున్నాడు. పక్కా వేరు. ఏ పుస్తకం తిరగేసినా వేరే. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద గుండ్రటి మొద్దు లాంటి దుంపా, దాని మీద గొడుగులా విచ్చుకున్న ఆకూ గీశాడు.

"మేం కంద అనేది దీన్నమ్మా."

కనకలక్ష్మి బోర్డు వంక చూసింది.

"ఇది జిమీకంద్ సార్. దీనికి కన్నులుంటయి, కన్ను కోసి నాటితే మొలుస్తది. ఇది కాండమే. నిన్న దీన్నడిగితే చెప్తుంటి."

మార్కుల కాగితం ఇంకా బల్ల సొరుగులోనే ఉంది. ఆయన సున్నా కొట్టేసి, పూర్తి మార్కులు వేసి, పక్కన సంతకం పెట్టాడు. పోచమ్మ గంప మళ్లీ నెత్తికెత్తుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"తెలుగుల సదువు చెప్తరంటే, మా తెలుగే అనుకున్నం సారూ."

పన్నెండేళ్ల సర్వీసులో ఆయనను ఎవరూ అంత మెత్తగా కొట్టలేదు.

"మీదే అమ్మా," అన్నాడు భీమేశ్వరరావు. "నాకే ఇంకా పూర్తిగా రాదు."