రోజూ తూచిన చేపలు

శింగనమల అవతల కదిరప్ప నీటికుంటలో రోహు చేపలు మూడు నెలలుగా పెరగడం లేదు. కుంట ఎండేలోపు ఒక్కొక్కటి అరకిలో అయితేనే వ్యాపారి కొంటాడు. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణని నన్ను పిలిచాడు.

నేను వెళ్లేసరికి వల లాగి, ఒక చేపను సంచిలో వేసి తక్కెడ కొక్కేనికి తగిలిస్తున్నాడు.

"నూటా ఎనభై గ్రాములు. నిన్నా అంతే సార్."

"నిన్న కూడా తూచినావా?"

"దినామూ తూస్తాండా. కుంటలో చేపపిల్లల్ని వదిలిన నాడు తూకం చూస్తాండమని మీరే కదా చెప్పినారు!"

చెప్పింది నేనే. నెలకొకసారి అని చెప్పడం మరిచిపోయాను.

"దినామూ చేపల మొగాలు చూస్తాడు సార్, నా మొగం చూసేకి మాత్రం తీరిక ల్యా" అంది అతని భార్య నల్లమ్మ.

నేను నవ్వలేకపోయాను. వల పడిన ప్రతిసారీ చేప బెదురుతుందని, ఆ బెదురుకు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఊరి, పెరుగుదల హార్మోన్‌ను పని చేయనివ్వదని చెప్పాను. తిన్న మేత కండ కాకుండా ఆ భయానికే ఖర్చయిపోతుంది.

"అంటే నేనే పెరగనీల్యాదా?" కదిరప్ప చేతిలో చేపను మెల్లగా నీళ్లలోకి జార్చాడు. "దీనికి సూదేమన్నా ఉండాదా సార్?"

"లేదప్పా. వల ముట్టొద్దు. అంతే."

జబ్బుతో పోయిన నా భార్య సునందను చివరి నెలల్లో నేనూ రోజూ తూకం యంత్రం మీద నిలబెట్టేవాణ్ణి. ఆమె కాదనేది కాదు.

వల అటక ఎక్కింది. కానీ నీళ్లు రోజురోజుకూ తగ్గాయి. ఇరుకూ వేడీ కూడా చేపలో అదే భయాన్ని పుట్టిస్తాయి. బోరు ఎప్పుడో ఎండింది కనుక ఆ మాట కదిరప్పకు చెప్పలేదు.

మూడు వారాలకు నీళ్లు మోకాటి లోతుకు వచ్చాయి. ఇక పట్టక తప్పలేదు. చేప రెండువందల ముప్పై గ్రాములు తూగింది. వ్యాపారి ఫోన్లోనే వద్దన్నాడు. నల్లమ్మ గంపకెత్తుకుని ఊళ్లో అమ్మడానికి బయలుదేరింది.

"యాభై పెరిగినాయి సార్. మీరు చెప్పింది నిజమే" అన్నాడు కదిరప్ప, నన్ను ఓదారుస్తున్నట్టు.

కుంట మూలనున్న చిన్న గుంటలో చేపలు పదో పన్నెండో మిగిలాయి. వాటినీ పట్టేయమన్నాను.

"ఉండనీ సార్. ఇప్పుడిప్పుడే తింటాండాయి" అని గుప్పెడు తవుడు చల్లాడు.

ఆ గుంటలో నీళ్లు ఎన్నాళ్లుంటాయో నన్ను అడగలేదు. అందుకు మనసులోనే అతనికి దండం పెట్టుకున్నాను.