తగిన విలువ

కొత్త సర్వర్ మాన్యువల్‌లో ఒక పేజీని మోచేత్తో అదిమిపట్టి, వెనకటి పేజీ తెరిచి, తాళాలక్క రెండు వాక్యాలనూ మార్చి మార్చి చదివింది. ‘పాత సర్వర్‌ను ఆపిన తరువాతనే కొత్తదానిని ప్రారంభించవలెను’ అని ఒకచోట. ‘కొత్తది పూర్తిగా నడిచే వరకు పాతదానిని ఆపరాదు’ అని ఇంకోచోట. పొద్దున మొదటి మాట నమ్మి పాతది ఆపేసింది. అప్పటినుంచి ఆసుపత్రిలో ఏ ఒక్కరి పేరునూ కంప్యూటర్లు గుర్తుపట్టడం లేదు.

డాక్టర్ల నుంచి ఆయాల దాకా అందరి పేర్లూ, ఎవరు ఏది తెరవవచ్చో ఆ అనుమతులూ ఉండే డైరెక్టరీని చూసుకునేది ఆమే. పాస్‌వర్డ్ మరిచిపోయిన ప్రతివాళ్ళూ ఆమె తలుపే తట్టాలి కనుక తాళాలక్క అన్న పేరు స్థిరపడిపోయింది. పొట్టి మనిషి. సర్వర్లుండే చలిగదిలో ఏళ్ళ తరబడి కూర్చుని మెడ బిగుసుకుపోయింది; పిలిస్తే తల కాక ఒళ్ళంతా తిప్పి చూస్తుంది. టైపిస్టుగా చేరింది. తర్వాత ఏ యంత్రం వచ్చినా పుస్తకం చదివే నేర్చుకుంది. ఆడపడుచు పెళ్ళికి కూడా సంచిలో మాన్యువల్ పెట్టుకొచ్చిందని భర్త ఇప్పటికీ దెప్పుతాడు. అచ్చయిన మాట మీద ఆమెకు అంత గురి.

ఇప్పుడు ఆ పుస్తకాన్ని చూస్తేనే ఒళ్ళు మండుతోంది. ‘ఇక్కడ తగిన విలువ ఇవ్వండి’ అని ఉంది. వంటలో తగినంత ఉప్పంటే నాలుక చెబుతుంది. దీన్ని ఏ నాలుకతో చూడాలి?

సర్వర్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేసింది.

“అది మాన్యువల్‌లో ఉందండీ,” అన్నాడు అవతలి మనిషి.

“మాన్యువల్ చూసే కదా కొంప ముంచుకున్నాను. ఆపాలా, వద్దా? ఒక్క మాట చెప్పు.”

“మీ పరిస్థితిని బట్టి ఉంటుందండీ.”

ఆమె ఫోన్ పెట్టేసి పళ్ళు కొరికింది.

పిల్లల వార్డు నర్సు వగరుస్తూ వచ్చింది. “అక్కా, మూలమంచం పాపకి మళ్ళీ ఫిట్స్ వచ్చేలా ఉంది. ఇందాకటి డ్యూటీ ఆవిడ ఏ మందు ఎంత ఇచ్చిందో చూద్దామంటే పేజీ తెరుచుకోవట్లేదు. ఆవిడ ఫోన్ ఎత్తట్లేదు. మళ్ళీ ఇస్తే ఎక్కువైపోతుందేమో.”

తాళాలక్క పుస్తకాన్ని విసిరికొట్టి పాత సర్వర్‌ను మళ్ళీ లేపింది. అది పని చేస్తుందని ఏ పేజీలోనూ లేదు. ఉన్నవి కూడా చెరిగిపోతాయేమోనన్న భయంతోనే, ‘తగిన విలువ’ అన్నచోట పాత డైరెక్టరీ పేరు కొట్టింది. రెండూ కలిసి నడిచాయి. పేర్లు ఒక్కొక్కటే కొత్తదానిలోకి దిగాయి. నర్సు అక్కడే నిలబడి పేజీ తెరిచి, మందు చూసుకుని పరుగెత్తింది. పాప ప్రాణం నిలబడింది.

అన్నీ సర్దుకున్నాక మేనేజరు కాగితంతో వచ్చాడు. ఆ సర్వర్ కొనిపించింది ఆయనే. “మాన్యువల్ ప్రకారమే జరిగిందని సంతకం పెట్టండి. రేపు మన రెండో ఆసుపత్రిలో కూడా మొదలుపెట్టాలి.”

“అక్కడా ఇదే పుస్తకమా?”

“మరేం చూసి చేస్తారు?”

“దాని ప్రకారం చేస్తే వాళ్ళ వార్డులూ మూతపడతాయి సార్. అది తప్పని రాయండి, పెడతాను.”

“పుస్తకం తప్పంటే కొన్న నన్ను ఏమంటారు? మీరు సరిగా చదవలేదని రాయమంటారా?”

“నాకు చదవడం రాదనా?” ఆమె గొంతు పెరగలేదు. “రాసుకోండి.”

ఆయన ఎదురుగానే రెండో ఆసుపత్రిలో ఆ పని చూసే ఆవిడకు ఫోన్ చేసింది. “పాతది ఆపకమ్మా. పుస్తకం ఏం చెప్పినా సరే, ఆపకు. తగిన విలువ అన్నచోట మన పాత డైరెక్టరీ పేరే పెట్టు.” చెప్పి, గది తాళంచెవి బల్ల మీద పడేసింది.

“ఎక్కడికి?” అన్నాడు మేనేజరు.

“ఇంటికి. ఇక రాను.”

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. కోపం చల్లారాక వస్తుందిలే అనుకున్నారందరూ. ఆమె మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

వెళ్ళేటప్పుడు ఆ గదిలో వేసుకునే రబ్బరు చెప్పులతోనే వెళ్ళిపోయింది. తలుపు బయట ఆమె తోలుచెప్పులు ఉండిపోయాయి. మడమలు ఒకవైపే అరిగి, ఎడమదాని పట్టీకి నల్లదారంతో వేసిన కుట్లు పైకి కనిపిస్తూ.