నలభై రోజుల గడువు

పన్నెండు ఊళ్ళకు దివాణమని పేరుపడిన ఆ ఇంట్లో ఇప్పుడుంటున్నది ఇద్దరే. అన్నను ఊరంతా దివాణం సాహెబు అంటారు. చెల్లెలు ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టి రిటైరయింది కనుక ఆమెను పోస్టమ్మ అంటారు. ఆ వంశంలో ఉద్యోగం చేసిన మొదటి మనిషి ఆమే. "చదవడానికీ రాయడానికీ మనకు గుమాస్తాలుండేవాళ్ళు. ఇప్పుడు మనమే గుమాస్తాలమయ్యాం" అని, ఆమె ఉద్యోగంలో చేరిన రోజు అన్న అన్నం ముట్టలేదు. మర్నాడు ఆకలేసి ముట్టాడు.

హాల్లో నడిమి తలుపు పైన, అద్దం బిగించిన కాగితం ఒకటి వేలాడుతుండేది. ఫారసీలో ఏడు వరసలు, కింద అరచేతంత ఎర్ర ముద్ర. దాన్ని ఇంట్లో సనదు, అంటే నవాబిచ్చిన ఈనాం పత్రం, అనేవారు. ఇంటికి ఎవరొచ్చినా, ఆఖరికి కరెంటు మీటరు చూసేవాడొచ్చినా, దివాణం సాహెబు వాణ్ణి దాని కింద నిలబెట్టి కథ ఎత్తుకునేవాడు. మూలపురుషుడు యుద్ధంలో నవాబు ప్రాణం కాపాడాడట. నవాబు మెచ్చి, "పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా నీ గుర్రం ఎంత నేల చుట్టి వస్తే అంతా నీదే" అన్నాడట. గుర్రం పన్నెండు ఊళ్ళు చుట్టింది. వినేవాడు కాస్త ఓపికున్నవాడైతే పద్నాలుగు చుట్టేది.

తర్వాతి చరిత్రకు గుర్రంతో పని లేదు. పన్నెండు ఊళ్ళకూ కాలువ తవ్వించిన తాతగారు ఒకరు. ఆ కాలువ నీళ్ళ వాటా కోసం సొంత అన్నదమ్ముల మీద ముప్పై ఏళ్ళు కోర్టుకు తిరిగిన తాతగారు ఇంకొకరు. ఆస్పత్రికి పదెకరాలిచ్చి, గుమ్మం మీద తన పేరు చెక్కలేదని అలిగి, జబ్బు చేస్తే పొరుగూరి ఆస్పత్రికి బయలుదేరి దారిలోనే పోయిన పెదనాన్న మరొకరు. ఆపైన మిగిలిన పొలాన్ని భూమి చట్టం పట్టుకుపోయింది. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెతకు అర్థం తెలుసుకోవడానికి పోస్టమ్మ ఏనాడూ గడప దాటనక్కర్లేకపోయింది.

ఇలా ఉండగా రోడ్డు వెడల్పు చేస్తామని నోటీసు వచ్చింది. కొత్త రోడ్డు హాలు మధ్యగా పోతుంది. పోస్టమ్మ నాలుగు ఆఫీసులు తిరిగి ఒక దారి కనుక్కొచ్చింది. ఇల్లు నూట యాభై ఏళ్ళ పైబడినదని రాతమూలకంగా రుజువు చూపిస్తే, పాత కట్టడాల ఆఫీసు వాళ్ళు దాన్ని కూల్చనివ్వరు.

"సనదు ఉంది కదా భయ్యా. తర్జుమా చేయించి ఇస్తే చాలట."

ఎగిరి గంతేస్తాడనుకున్న అన్న నసిగాడు. "దాన్ని గోడ మీంచి దించకూడదమ్మా."

"రోడ్డు వాళ్ళు గోడనే దించేస్తారు."

ఆయన చాలాసేపు ముద్ర వంక చూశాడు. "నేను పెరట్లోకి పోతున్నా. నువ్వు దించలేదు, నేను చూడలేదు" అని వెళ్ళిపోయాడు.

అట్టల సాహెబు కొట్టు బజారు చివర, రెండు మెట్లు దిగితే వస్తుంది. స్కూలు రిజిస్టర్లు, వెన్ను విరిగిన లా పుస్తకాలు దొంతర్లుగా ఉంటాయి, గదంతా మైదా జిగురు వాసన. పుస్తకాలకు అట్టలు కట్టే ఆ ముసలాయనే ఆ చుట్టుపక్కల ఫారసీ చదవగల ఆఖరి మనిషి. చేతులు తుడుచుకుని, అద్దం విప్పి, కాగితాన్ని బల్ల మీద పరిచి చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత అవసరం లేకపోయినా సూదికి దారం ఎక్కించడం మొదలుపెట్టాడు.

"ఫరవాలేదు, చెప్పండి" అంది పోస్టమ్మ.

"ఇది సనదు కాదమ్మా. నోటీసు."

"ఏం నోటీసు?"

ఆయన వేలు పెట్టి వరస వెంట వరస చదివాడు. "సర్కారు గుర్రాల మేతకు ఉంచిన బీడును కాపలా కాయమని పెట్టిన సాయిసు, ఆ బీడులోనే బావి పక్కన, రాతి పునాది మీద, అనుమతి లేకుండా రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నట్టు మా దృష్టికి వచ్చింది. ఈ ఉత్తర్వు అందిన నలభై రోజుల్లో ఖాళీ చేసి పోవలెను."

"సాయిసు అంటే?" తెలిసే అడిగింది.

"గుర్రాలకు మాలీషు చేసేవాడు."

"మరి యుద్ధం?"

"యుద్ధం ఊసు ఇందులో లేదమ్మా. గడ్డి ఊసుంది."

పోస్టమ్మకు నవ్వొచ్చింది. కళ్ళ నీళ్ళొచ్చే దాకా నవ్వింది. చావు కబురుకూ పెళ్ళి కబురుకూ ఒకటే ముద్ర కొట్టిన చేయి ఆమెది. ఏం జరిగిందో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. సాయిసుకు చదువు రాదు. ముద్ర చూసి మురిసిపోయి ఊరికి చూపించాడు. ఊరికీ చదువు రాదు. ముద్ర చూసి సలాం కొట్టింది. ఖాళీ చేయించాల్సిన నవాబు ఆ ఏడే ఎవరి చేతిలోనో ఓడిపోయి ఉంటాడు.

"కంచె చేను మేసిందంటే విన్నాను" అన్నాడు అట్టల సాహెబు. "మేసిన చేలో మేడ కట్టిందని ఇప్పుడే వింటున్నా. కానీ ఒకటి చెప్పనా? తారీఖు చూస్తే రెండొందల పదకొండేళ్ళు. బావి, పునాది, రెండంతస్తులు, అన్నీ రాశాడు మహానుభావుడు. ఇల్లు పాతదనడానికి ఇంతకన్నా రుజువు దొరకదు."

తర్జుమా పట్టుకుని ఇంటికి నడుస్తుంటే ఆమె నవ్వు మధ్యదారిలో ఆగిపోయింది. ఇల్లు నిలబడాలంటే, మా మూలపురుషుడు ఆక్రమణదారుడని ఇంటి యజమానిగా అన్న సంతకం పెట్టాలి. ఇల్లు పోతే ఆయన బతకడు. కథ పోతే బతికీ దండగనుకుంటాడు. తన సంగతి? ఇరవయ్యారేళ్ళప్పుడు, మొగుడు పోయి, ఒక ట్రంకు పెట్టెతో ఆ గుమ్మంలో దిగింది. అన్న ఒక్క ప్రశ్న వేయలేదు. మేడ మీది గది తెరిచి, "కిటికీ రెక్క కొంచెం బిగువు, గట్టిగా నెట్టాలి" అన్నాడు, అంతే. ముప్పై ఎనిమిదేళ్ళుగా రోజూ పొద్దున దాన్ని గట్టిగా నెడుతూనే ఉంది. ఆ గది లేకుండా బతకడం ఆమెకు చేతకాదు.

"భయ్యా, తర్జుమా తెచ్చాను. చదవనా?" అంది.

అన్న కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "మన వంశంలో చదివి సంతకం పెట్టినవాడు ఎవడున్నాడే? ఎక్కడ పెట్టాలో చూపించు."

చూపించింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒకరి ఉత్తరం దాచి ఎరగదు. ఇప్పుడు సొంత అన్నకు చేరాల్సిన కబురు దాచింది. ఆ వారమంతా ఆయన మొహం చూడటానికి సిగ్గుపడింది.

మూడు నెలలకు రిజిస్టరు పోస్టు వచ్చింది. వరండా మెట్ల దగ్గర నిలబడే విప్పింది. రోడ్డు పక్కనుంచి పోతుంది. ఇల్లు రక్షిత కట్టడం, ఒక్క ఇటుక కూడా ఎవరూ కదపకూడదు. చదువుతూ అల్లాకు శుక్రియా చెప్పుకుంది. తర్వాత కాగితం తిప్పింది. రక్షిత కట్టడంలో కాపురాలు ఉండరాదు, ఇల్లు సర్కారు స్వాధీనం, నివాసులు గడువులోగా ఖాళీ చేయాలి.

అన్న వచ్చి భుజం మీంచి తొంగి చూశాడు. "ముద్ర బ్రహ్మాండంగా ఉంది. ఏమన్నారు?"

"ఇల్లు కూల్చరట భయ్యా. చాలా గౌరవంగా రాశారు."

"అది సరే. గడువెంత?"

"ఏం గడువు?"

"ఇంత పెద్ద ముద్ర ఊరికే వేస్తారా? గడువుండాలే."

"నలభై రోజులు" అంది, అబద్ధం ఆడే ఓపిక లేక.

"వీళ్ళూ నలభయ్యేనా!"

పోస్టమ్మ మెట్టు మీద కూలబడింది. "నీకు తెలుసా?"

"నాన్న పోయేముందు చెవిలో చెప్పాడు. ఆయనకు వాళ్ళ నాన్న. కాలువ పోయింది, పొలం పోయింది, కొడుకు చేతిలో పెట్టడానికి ఆ ఒక్క మాటే మిగిలింది. నాకేమో కొడుకుల్లేరు. నీకు చెప్పాలా వద్దా అని పదేళ్ళుగా తన్నుకులాడుతున్నా."

"మరి ఆ గుర్రం కథ?"

"సాయిసన్నాక గుర్రం ఉండదటే?"

కోపం రావాల్సిన చోట ఆమెకు ఏడుపొచ్చింది. అన్న పక్కనే కూర్చుని, ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చాడు.

"ఇప్పుడేం చేద్దాం భయ్యా?"

"అప్పటి నవాబు పోయాడు. ఇప్పటి ఆఫీసరు బదిలీ కాడా?" ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "మేకులెక్కడున్నాయి?"

నడిమి తలుపు పైన మళ్ళీ వేలాడుతున్న పాత కాగితం పక్కన కొత్త నోటీసుకు చోటు చూసి, ముక్కాలి పీట వేసుకుని ఎక్కాడు. పోస్టమ్మ కళ్ళు తుడుచుకుని పీట పట్టుకుంది. ఆయన సుత్తి ఎత్తాడు.

"కొంచెం లోతుగా దిగనీ భయ్యా" అంది. "రెండొందల ఏళ్ళు ఆగాలి."