తొట్టి మీద అయ్యగారు

రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం నడుస్తున్న ఆ ఏళ్లలో ఇంగ్లండులో బుద్ధిపుట్టిన ప్రతివాడూ దేవుడి వాక్యం చెప్పేవాడే. పీపాలు చేసే ఒబద్యా మాత్రం ఊరుకుంటాడా? ఆదివారం తన కొట్టులోనే తొట్టి బోర్లించి, దానిమీద నిలబడి ప్రసంగించేవాడు. బిషపు చేతులు నెత్తిన పడి పాదిరి పట్టా పొందనివాడు నోరు విప్పకూడదని పాదిరి విల్లోబీ గారి పట్టు. ఈ ఆదివారం ఆపకపోతే జైలేనని కబురు పెట్టారు. భార్య ప్రూడెన్సు కాళ్లావేళ్లా పడింది. ఒబద్యా వింటేగా!

ఆదివారం ప్రసంగం ముగించి దిగి, "తప్పుంటే చెప్పండి," అన్నాడు. ఎవరైనా లేచి అడ్డుపడొచ్చు, అది అక్కడి ఆనవాయితీ.

"అంతా తప్పే!" గుమ్మంలోంచి పాదిరిగారి గొంతు. మనిషి పొట్టి, జనంలో మునిగిపోయారు.

"ఎవరయ్యా అది? కనబడ్డం లేదు!" అని జనంలోంచి ఎవరో అరిచారు.

"తొట్టి మీదకెక్కండి అయ్యగారూ, మొహమాటం దేనికి?" అంది ప్రూడెన్సు ఒళ్లు మండి.

ఆయన ఎక్కారు. గుడిలో అయితే ఆయన ప్రసంగానికి జనం కునుకు తీసేవారు. ఇక్కడ మాటకు మాట అడ్డం వేస్తున్నారు, ఆయన బదులిస్తున్నారు. మొహం వెలిగిపోయింది. గంట గడిచింది.

అప్పుడొచ్చాడు కానిస్టేబులు జేబెజ్, నోట్లో బీరు వాసనతో. తొట్టి మీద మనిషిని చూసి తెల్లబోయాడు. "దిగండి అయ్యగారూ. మిమ్మల్ని పట్టుకెళ్లాలి."

"నన్నా? నీకేమైనా మతిపోయిందా?"

"‘పీపాల కొట్టులో తొట్టి ఎక్కి బోధించుచున్నవానిని పట్టి తేవలెను.’ మేజిస్ట్రేటుగారి కాగితంలో ఇంతే ఉంది, పేరు లేదు. పీపాలవాడి పేరు కాగితానికే మైల అన్నారటగా తమరు!"

కొట్టంతా గొల్లున నవ్వింది. దేవుడున్నాడనుకుంది ప్రూడెన్సు. అంతలో ఒబద్యా ముందుకొచ్చాడు.

"ఆ కాగితం నాకోసం, జేబెజ్. ముందు చెప్పింది నేనే. పద."

"నీ నోరు పడ! ఎవరడిగారయ్యా నిన్ను?" ప్రూడెన్సు అతని చొక్కా పట్టి వెనక్కి లాగింది.

తప్పించుకునే వీలున్నా ముందుకొచ్చిన ఒబద్యాని పాదిరిగారు తొట్టి మీదనుంచి చూశారు. తర్వాత చెయ్యి చాచి కాగితం తీసుకుని చింపేశారు.

"మేజిస్ట్రేటుతో నేను మాట్లాడతాను. ఇక్కడ తప్పేమీ జరగలేదు, వెళ్లు." గొంతు తగ్గించి ఒబద్యాని అడిగారు: "వచ్చే ఆదివారం... నేనూ రావచ్చా?"

"ఇక్కడ ఎవరైనా చెప్పొచ్చు అయ్యగారూ," అన్నాడు ఒబద్యా. "బిషపు చేతులు పడ్డవాళ్లయినా సరే."

అందరికన్నా ముందు పాదిరిగారే పకపకా నవ్వారు. ప్రూడెన్సుకీ నవ్వు ఆగలేదు.