పలాసలో చొరవ క్లాసు

నాకు కోపం ఎక్కువంటారు మా ఫ్యాక్టరీలో. అన్నోళ్ళని అననీ. పద్దెనిమిదేళ్ళు జీడిపిక్కలు కోసిన మనిషికి కోపం రాకపోతే మరేటొత్తాది? రోజూ పూండి నుంచి పలాసొచ్చి కటింగ్ మిషన్ ముందు కూకుంటాను. కాలితో తొక్కితే పిక్క రెండవుతాది, లోపల్నుంచి పప్పు గుండుగా వత్తాది. ఆ తొక్కలోంచి కారే జీడి నా వేళ్ళ మీద తోలు తినీసింది. రేషన్ డిపోలో మిషన్ నా వేలిముద్ర పట్టదు. డిపో ఆయన ప్రతినెలా "ఇంకోసారి పెట్టమ్మా" అంటాడు. ఎన్నిసార్లు పెడితే ఏటి, లేని ముద్ర ఎక్కడ్నుంచొత్తాది?

అందుకే సూపర్‌వైజర్ పని మీద నాకంత ఆశ. పాత సూపర్‌వైజర్ సోములు మావ మోకాళ్ళు పట్టీసి ఈ వేసంగిలో పని మానీసాడు. ఆ పని నాకొస్తే మిషన్ తొక్కక్కర్లేదు, జీడి ముట్టుకోనక్కర్లేదు. మావ ఎల్తా ఎల్తా ఓనరు తారకేశ్వరరావు గారితో సెప్పాడు, "రాణికియ్యండి బాబూ, దానికి అన్నీ తెలుసు" అని. ఆయన తలూపారు. ఆయన తలూపితే ఔననో కాదనో ఆయనకే తెల్దు.

మర్నాటికి ఇశాఖపట్నం నుంచి మురళీమోహన్ సారు దిగాడు. మనుషుల్ని బాగుచేసే సారంట. నెత్తి మీద రేకులు, ఒంటి మీద కోటు. సెమటతో కోటు ఈపుకి అంటుకుపోతంటే, మైకు పట్టుకుని "విజయం ఎక్కడుంది?" అని అడిగాడు. మా దాలమ్మత్త పాపం నిజంగానే అడిగేడనుకుని, "తెల్దు బాబూ, మేం పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాం" అంది. సారు గుండె మీద సెయ్యేసుకుని "ఇక్కడుంది" అన్నాడు. మాకు మేమే సప్పట్లు కొట్టుకోవాలన్నాడు. కొట్టుకున్నాం.

అలా రెండు గంటలు. సారాంశం ఏటంటే, ఎవరో సెప్పేదాకా ఆగినోళ్ళు కూలోళ్ళుగానే ఉండిపోతారంట. తనంతట తాను సేసినోడు లీడరవుతాడంట. దాన్ని చొరవ అంటారంట. యాటిట్యూడ్ అని ఇంకోటుందంట, అది ముఖం మీద కనిపించాలంట. ఆఖర్న ఓనరు లేచి, ఈ నెలలో ఎవరు ఎక్కువ చొరవ సూపిస్తే వాళ్ళే సూపర్‌వైజర్ అని ప్రకటించీసారు. గోడకి బోర్డొకటి తగిలించారు. చొరవ సూపిస్తే పేరు పక్కన నచ్చత్రం అంటిస్తారు.

నాకు ఒళ్ళు మండింది. తుపానుకి రేకులెగిరిపోతే పిక్కల బస్తాలు లోపలికి ఈడ్చిందెవులు? ఉడకబెట్టే డ్రమ్ము కాడ ఆవిరి తన్నుకొస్తంటే పరిగెట్టి పొయ్యి ఆర్పిందెవులు? అప్పుడు దానికి పేరు లేదు మరి, అంచేత ఎవులికీ కనిపించలేదు.

ఉమామహేష్ బాబుకి మాత్రం ఆ రోజే పూనకమొచ్చింది. టెక్కలి పిల్లడు, ఎంబీయే సదివాడు, ఆఫీసులో కంప్యూటర్ ముందు బిల్లులు కొడతాడు, వచ్చి నాలుగు నెల్లు. మర్నాడే వాట్సాప్ గ్రూపు పెట్టాడు. తెల్లారీసరికి ఉదయించే సూరీడు బొమ్మ, కింద రెండు మంచి మాటలు. గ్రూపులో ఓనరున్నారు, సారున్నాడు, ఉమామహేష్ ఉన్నాడు. మా ఆడోళ్ళలో సగం మందికి ఫోను మొగుడి జేబులో ఉంటాది. తర్వాత మమ్మల్ని కూలీలనొద్దన్నాడు, టీమ్ మెంబర్లనాలన్నాడు. పేరు మారింది గానీ కూలి మారలేదు. ఏ పని సేసినా ఓనరు గది కాడికెల్లి, "సార్, ఒక చిన్న ఇనీషియేటివ్" అంటాడు. పదిహేను రోజుల్లో బోర్డు మీద అతనికి పందొమ్మిది నచ్చత్రాలు. నాకొకటి. అది కూడా గచ్చు తుడిచినందుకు.

అప్పుడొచ్చింది ఆర్డరు. పెళ్ళిళ్ళ సీజను, ఇశాఖపట్నం షాపోళ్ళకి గుండు పప్పు కావాలి, నాలుగో రోజుకి లారీ ఎక్కాలి. బద్దలు పనికిరావు, మరకలు పనికిరావు. పొద్దున్నే అరవై బస్తాల పిక్కలు ఉడకబెట్టాం. ఉడికిన పిక్కని గచ్చు మీద పరిసి ఒక రోజంతా సల్లారనియ్యాలి. ఏడిగా కోస్తే లోపల పప్పు మెత్తగా ఉండి సితికిపోతాది, జీడి దాని మీదకెక్కి నల్లమరక పడతాది. ఇది పలాసలో సంటిపిల్లకీ తెలుసు.

ఎంబీయేకి తెల్దు. మధ్యాన్నం వచ్చి, గచ్చు మీద పిక్కలు సూసి, "ఒక రోజు వేస్టవుతోంది కదా? ఇప్పుడే కోసెయ్యండి" అన్నాడు.

"సల్లారాల బాబూ" అన్నాను.

"రాణక్కా, పాతకాలం నుంచి ఇలాగే చేస్తున్నామని ఇలాగే చెయ్యాలా? ఇదే నెగెటివ్ యాటిట్యూడ్."

"యాటిట్యూడ్ సంగతి పిక్కకి తెల్దు బాబూ. దానికి ఏడి ఒకటే తెలుసు."

అతను నాతో మాటాడ్డం మానీసి అటేపు లైను కాడికెల్లిపోయాడు. అక్కడోళ్ళు భయపడి మిషన్లు తొక్కడం మొదలెట్టారు. మా లైన్లో పదిమందిమి. ముప్ఫై బస్తాల పిక్కలు పారలతో వెనక గోడ కాడికి లాగీసి, నిన్నటి పప్పుకి పొట్టు తీస్తా కూకున్నాం. ఎవులూ సెప్పలేదు. నానే సేసాను.

మర్నాడు ఓనరు వచ్చేసరికి అటేపు ముప్ఫై బస్తాలూ ముక్కా సెక్కా, పైన నల్లమరక. ఆయన ముఖం సూడలేకపోయాను. ఫోను స్పీకర్లో పెట్టి మురళీమోహన్ సారుకి సెప్పుకున్నారు. అట్నుంచి సారు ఏమాత్రం తడుముకోలేదు. "కంగారు పడకండి. అడుగేశాడు, పడ్డాడు. అడుగే వెయ్యనివాడు పడడు కదా. ఇలాంటి కుర్రాణ్ణి వదులుకోకండి" అన్నాడు. ఆ కోటు సారుకి పోయిందేటి? బస్తాలు ఓనరివి.

ఓనరు నా ఏపు తిరిగారు. "ఎవర్నడిగి ఆపావు?"

"ఎవుల్నీ అడగలేదు బాబూ. చొరవ అంటే అదే కదా."

"అది చొరవ కాదు, ధిక్కారం. మేనేజ్‌మెంట్ మాట కాదనడం."

ఆ పూటే ఉమామహేష్‌ని సూపర్‌వైజర్ సేసీసారు. సాయంత్రం గేటు కాడ నన్నాపి, మెల్లిగా, "అతను కొత్త. పేరుకి అతనుంటాడు, పని నువ్వు చూసుకో రాణీ. పేరుదేముంది?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. దుఃఖం కాదది, ఒళ్ళు మండితే వచ్చే ఏడుపు.

మా ముప్ఫై బస్తాలూ సల్లారి, కోస్తే, గుండ్లు ముత్యాల్లాగొచ్చాయి. ఇంక ఆర్డరు నిలబడాలంటే ఆ పప్పే దిక్కు. మూడో రోజు పొద్దున్నే ట్రేలలో పోసి ఆరబెట్టే గదిలో పెట్టాం. కింద కట్టెల పొయ్యి, పైన వరసగా ట్రేలు. ఎప్పుడు తియ్యాలో గడియారం సెప్పదు. ఒక గుండు తీసి వేళ్ళ మధ్యన నలిపితే పైపొట్టు గలగలలాడాల, అప్పుడే దించాల. ఆలీసమైతే కింద ట్రేలు ముందు మాడతాయి. ఆ నలిపి సూసే పని ఏళ్ళ తరబడి నాదే. ఎవులూ నాకియ్యలేదు.

నాను మావోళ్ళతో సెప్పాను, "ఇయాల సెప్పిందే సేద్దాం. సెప్పంది సెయ్యొద్దు" అని. దాలమ్మత్త పొద్దున్నే మొదలెట్టీసింది. "బాబూ, బుట్ట నిండింది, కింద పెట్టమంటారా?" "బాబూ, వానొచ్చేలాగుంది, గోనెలు లోపలికి తేమంటారా?" నలభై మంది ఆడోళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి అడుగుతుంటే ఉమామహేష్ చొక్కా తడిసిపోయింది. ఆరబెట్టే గది కాడ ఫోన్లో అలారం పెట్టుకున్నాడు. ఇంటర్నెట్లో సూసాడంట, ఏడు గంటలంట. మా కట్టెలు ఇంటర్నెట్ సదివాయా?

మధ్యాన్నం రెండుకి వాసన తగిలింది. పప్పు తయారైన వాసన. కూకోవాలనే కూకున్నాను. సేతులు కూకోలేదు. ఎప్పుడు లేచానో తెల్దు, గుడ్డ పట్టుకుని ట్రే ఒకటి దించీసాను.

ఎనక్కి తిరిగితే గుమ్మంలో ఓనరు. నవ్వుతున్నారు. "నాకు తెలుసు రాణీ, నువ్వు ఊరుకోలేవు" అన్నారు.

ఆ నవ్వు సూసేక నాకు అంతా అర్థమైంది. పద్దెనిమిదేళ్ళుగా ఆయన దేన్ని నమ్ముకుని దర్జాగా నిద్రోతన్నారో అది నా ఊరుకోలేకపోవడమే. ట్రే గచ్చు మీద పెట్టీసి, దాని పక్కనే బాసిపట్లేసుకుని కూకున్నాను.

"మిగతావి?" అన్నారు.

"సూపర్‌వైజర్ గారు సెప్పాల బాబూ."

ఉమామహేష్ ఫోను సూసుకుని, "ఇంకా గంటన్నర ఉంది సార్" అన్నాడు. ఓనరు గది తలుపు తీసి లోపలికి తొంగిసూసారు. ఆయన కంటికి అన్ని ట్రేలూ ఒకేలాగున్నాయి. నా ఏపు సూసారు. ఇప్పుడు లేత్తాది, ఇప్పుడు లేత్తాది అని సూసారు. కింద ట్రేల్లోంచి సన్నగా మాడువాసన మొదలైంది. అది నా పప్పు, నాను కాపాడిన పప్పు. దాలమ్మత్త నా భుజం గట్టిగా పట్టుకుంది, లేవకుండా.

"ఏం కావాలి నీకు?" అన్నారు ఓనరు.

"కాగితం బాబూ. సూపర్‌వైజర్ రాణి అని, మీ సంతకంతో."

కింద రెండు ట్రేలు నల్లబడ్డాక ఆయన పెన్ను అడిగారు. నాను కాగితం తీసుకుని మెల్లిగా సదువుకున్నాను, కూడబలుక్కుని, పేరు తప్పు లేకుండా ఉందో లేదో సూసుకున్నాను. అప్పుడు "దించండర్రా" అన్నాను. పదిమందీ లేచారు.

పొగలోనించి ఉమామహేష్ దగ్గుతా వచ్చాడు. "అక్కా, మరి నేనేం చెయ్యాలి?" అన్నాడు.

"నాను సెప్పేదాకా ఏటీ సెయ్యకు" అన్నాను.