రాళ్ళు మార్చిన బుధవారం

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి సువర్ణ ట్యాంకులోంచి రాళ్ళు తీయడం మొదలుపెట్టే వేళకి వీధంతా సర్దుకుని ఉండేది. బండితో పనున్నవాళ్ళు ముందే తీసుకెళ్ళి మెయిన్‌రోడ్డు మీద పెట్టుకునేవారు. స్నానాలు కానివాళ్ళు గబగబా కానిచ్చేవారు. సూర్యావతిగారు మేడ మీంచి కేకేసేది.

"సువర్ణా, మా ఇల్లు కాస్త ఎండ తగిలేటట్టు పెట్టవే! వడియాలు పెట్టేను."

"గంటసేపేనండీ. తర్వాత మళ్ళీ పాత చోటే."

అది ఆరడుగుల గాజు ట్యాంకు. సువర్ణ తండ్రి అప్పలస్వామి తాపీమేస్త్రి. అమలాపురంలో కాలవ పక్కనున్న ఆ వీధిలోని పదకొండు ఇళ్ళూ ఆయన చేతిమీద లేచినవే. కోనసీమలో ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టి తప్ప రాయన్నది దొరకదు. పునాదికి నల్లరాయి గోదావరి అవతలనుంచి లారీల్లో రావాలి. ఒక్కో ఇంటి పునాది పూర్తయ్యాక మిగిలిన రాయి ఒకటి ఆయన ఇంటికి తెచ్చుకునేవాడు. సువర్ణ చేపల పిచ్చిలో పడ్డాక ఆ పదకొండు రాళ్ళనీ కడిగి ట్యాంకులో వేసింది. అప్పట్నించీ ట్యాంకులో ఏ రాయి ఎటు జరిగితే వీధిలో ఆ ఇల్లు అటు జరుగుతుంది.

లోపలున్నవాళ్ళకి కుదుపు తెలియదు. గోడకున్న క్యాలెండరు కూడా ఊగదు. గోడా గేటూ ఇంటితోపాటే వెళ్తాయి, వీధిలో నేలమీద పడున్నవి మాత్రం ఉన్నచోటే ఉంటాయి. కరెంటువాళ్ళు ఆ వీధిలో వైర్లు కాస్త వదులుగా లాగారు. రాళ్ళన్నీ బకెట్లో ఉన్నంతసేపూ పదకొండు ఇళ్ళూ కాలవగట్టు మీద ఒకదాన్నొకటి రాసుకుని నిలబడేవి. ఆ గంటలో ఒక వంటింటి కిటికీలోంచి ఇంకో వంటింట్లోకి కూరగిన్నెలు దాటేవి. అద్దాలు తుడవడం అయ్యాక రాళ్ళు మళ్ళీ ఎక్కడివక్కడ.

ఎక్కడివక్కడ అన్న నియమం సోమేశ్వరరావుది. మెయిన్‌రోడ్డు వైపు మొదటి ఇల్లు ఆయనది, సూర్యావతిగారు ఆయన భార్య. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం. ఏ రాయి ఎక్కడ ఉండాలో అంకెలు వేయించి, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ట్యాంకు అద్దానికి తనే అంటించి వెళ్ళాడు. ఒకటో అంకె ఆయన ఇల్లు. పదకొండోది, కాలవ వాసనా దోమలూ ఉన్న చివర, మేస్త్రి ఇల్లు. ఆయన దాన్ని పద్ధతి అనేవాడు. సువర్ణ దాన్ని కులం అనేది. డిగ్రీ చదివే రోజుల్లోనే లైబ్రరీ సగం ఖాళీ చేసిన మనిషి. ఏ నినాదం ఏ పుస్తకంలోంచి తెచ్చుకుందో ఆమెకే గుర్తులేదు గానీ, అన్నీ నాలుక చివరే ఉండేవి.

ఏడో ఇల్లు ఖాళీగా ఉంది. దాన్ని శారోన్ కొనుక్కుంది. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తుంది. తల్లి పుష్పలత రిటైరైన టీచరు. సోమేశ్వరరావు కొడుక్కి ఎక్కాలు నేర్పింది ఆవిడే. రిజిస్ట్రేషన్ అయి మూణ్ణెల్లయింది. సామానుతో వచ్చిన వ్యాను రెండుసార్లు వెనక్కి వెళ్ళిపోయింది. ఏడో ఇంటి గేటుకి అడ్డంగా సోమేశ్వరరావు కాయలు ఒలిచిన కొబ్బరి డొక్కలు మనిషెత్తు గుట్ట పోయించాడు. ఒక్కరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. "లారీ రేపు వస్తుందండీ, ఎల్లుండి వస్తుందండీ" అన్నారు, అంతే. ఇప్పుడున్న అద్దె ఇంటిని తల్లీకూతుళ్ళు ఈ గురువారానికి ఖాళీ చేయాలి.

"కంప్లయింట్ ఇద్దాం పదండి" అంది సువర్ణ.

"ఇవ్వచ్చు. పోలీసులొచ్చి నిలబడితే సామాను దిగుతుంది" అంది శారోన్. "వాళ్ళు వెళ్ళిపోయాక? నేను కాలేజీకి పోతాను. అమ్మ ఒక్కత్తీ ఉండాలి. చేరడం కాదు సువర్ణగారూ, అక్కడ బతకాలి."

ఆ ఆదివారం రాళ్ళు సర్దేశాక, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ సువర్ణ నేరుగా ఒకటో ఇంటి వరండాలోకి వెళ్ళింది. సోమేశ్వరరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఒక మనిషి ఎక్కడ బతకాలో ఇంకో మనిషి నిర్ణయించడానికి వీల్లేదండీ."

"ఆయ్. నిజమేనమ్మా."

"కులం గీసిన గీత ఎక్కడ కనిపించినా చెరిపెయ్యాల్సిందే."

"చెరిపెయ్యాలి. నేనూ అదే అంటాను. కాఫీ తాగుతావా?"

"ఇల్లు హక్కండీ. ఎవరూ వేసే భిక్ష కాదు."

"ఎంత బాగా చెప్పేవమ్మా! సూర్యావతీ, విన్నావా, మేస్త్రిగారమ్మాయి ఎంత బాగా మాట్లాడుతోందో!"

"అయితే ఆ డొక్కలు తీయించండి."

"లారీ రావాలి కదమ్మా." సోమేశ్వరరావు మెత్తగా నవ్వాడు. "టీచరుగారంటే నాకు మాత్రం గౌరవం లేదా? మావాడికి చదువు చెప్పేరు. అయినా వాళ్ళ సుఖం కోసమే అంటున్నాను. అక్కడ పేటలో అయితే వాళ్ళ చర్చి దగ్గర, వాళ్ళ మనుషులు దగ్గర. ఇక్కడ ఒంటరిగా ఏం చేస్తారు చెప్పు?"

గోడకేసి కొట్టిన బంతి తిరిగొస్తుంది. పరుపుకేసి కొడితే చప్పుడు కూడా రాదు. సువర్ణ కాఫీ తాగకుండానే ఇంటికొచ్చింది.

"ఏమన్నారు బాబుగారు?" నులకమంచం మీద మోకాళ్ళకి నూనె రాసుకుంటూ అడిగాడు అప్పలస్వామి.

"అన్నిటికీ ఆయ్ అన్నారు."

"ఆయ్ అనేవాడితో ఎవరు గెలుస్తారే?" అని నవ్వి, ట్యాంకు కేసి చూశాడు. "ఆ కొత్తదాన్ని ఇంకెన్నాళ్ళు అలా పక్కన పడేస్తావు?"

ట్యాంకులో ఒక కొసన, చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ అడ్డం వెనక, గ్రీన్ టెర్రర్ చేప ఒకటి ఫిల్టర్ గొట్టాన్ని ఆనుకుని వేలాడుతోంది. రాజమండ్రి నుంచి తెచ్చి రెండు వారాలయింది. వేసిన పావుగంటకే పాత చేపలు ఆస్కార్, జాక్ డెంప్సీ, టెక్సస్ మూడూ కలిసి దాని తోకని పీలికలు చేశాయి. అవన్నీ ఒక జాతి చేపలు, సిక్లిడ్లంటారు. వాటికి ఆకలి కంటే చోటు మీద పట్టు ఎక్కువ. ఒకటో రాయి వెనక మూల తనదని ఆస్కార్ ఎప్పుడో తీర్మానించుకుంది. మిగతావి కూడా దాని తర్వాత తమవేవో తీర్మానించుకున్నాయి. కొత్తదానికి మిగిలింది గొట్టం వెనక బెత్తెడు నీళ్ళు.

"బతికే ఉంది కదా" అంది సువర్ణ.

"బతికుంది. అంతే."

"తప్పు నాదే నాన్నా. కొత్తదాన్ని వేసేముందు లోపల రాళ్ళన్నీ మార్చెయ్యాలి. అప్పుడు పాతవాటికీ తమ చోటేదో తెలీదు. అన్నీ కలిసి వెతుక్కుంటాయి. ఆ హడావిడిలో పాతదేదో కొత్తదేదో మర్చిపోతాయి. నాకు తెలుసు. తెలిసీ ఆ కాగితం చూసి..."

ఆమె కిటికీలోంచి వీధిలోకి చూసింది. అప్పలస్వామి నూనె గిన్నె కింద పెట్టాడు.

"వద్దు" అన్నాడు.

"నేనింకా ఏమీ అనలేదు."

"అనక్కర్లేదు. ఆ ఇళ్ళు నేను కట్టినవి. తాడు పట్టి, వరస చూసి నిలబెట్టేను."

"కట్టేవు. మిగతా పదిళ్ళలో ఒక్క ఇంట్లోనైనా నిన్ను లోపలికి పిలిచి కుర్చీ వేసేరా?"

"గృహప్రవేశాలకి పంచెలు పెట్టేరమ్మా."

"కుర్చీ వేసేరా?"

ఆయన మళ్ళీ నూనె గిన్నె అందుకుని, అప్పటికే రాసిన మోకాలికే మళ్ళీ రాసుకున్నాడు.

మంగళవారం సువర్ణ శారోన్‌కి ఫోన్ చేసింది. "రేపు నాలుగింటికి వ్యాను తీసుకుని వచ్చెయ్యండి."

"మళ్ళీనా?"

"ఈసారి ఆగకుండా వీధిలోకి రండి. మీ ఇల్లు ఎక్కడుందని మాత్రం నన్నడక్కండి. నాకూ తెలీదు."

బుధవారం మధ్యాహ్నం భోజనాలై వీధంతా నడుం వాల్చింది. సువర్ణ చేపలకి కడుపునిండా మేత వేసి, ట్యాంకు లైటు ఆపింది. అద్దం మీది కాగితాన్ని గోటితో గీకి, ఊడబెరికి, బుట్టలో పడేసింది. చెయ్యి నీళ్ళలోకి దించింది.

మొట్టమొదట ఆమెకి వచ్చిన ఆలోచన ఒకటో రాయిని పదకొండో చోట పడెయ్యాలని. సోమేశ్వరరావుకి దోమలు కుడుతున్నట్టు ఊహించుకుంటే హాయిగానే ఉంది. కానీ అలా చేస్తే వరస తిరగబడుతుందే తప్ప పోదు. ఆస్కార్‌ని ఆ మూలనుంచి తోలేస్తే టెక్సస్ వచ్చి కూర్చున్నట్టు, ఇంకెవరో మొదటివారవుతారు. వరసే ఉండకూడదు. మొదలూ ఉండకూడదు, చివరా ఉండకూడదు. ఆమె రాళ్ళని రెండేసి, మూడేసి గుంపులు చేసింది. ఒకదాని ముఖం తూర్పుకి తిప్పింది, పక్కదాన్ని ఉత్తరానికి. ఏ మూలనుంచి చూసినా ట్యాంకు మొత్తం కనపడకుండా ఒకదానికొకటి చాటు పెట్టింది. ఏ రాయి ఎవరిదో చూసుకోకుండా, చేతికి తగిలినదాన్ని తగిలినట్టు. తన ఇంటి రాయిని కూడా అలాగే.

ఒకటో రాయి మాత్రం కదల్లేదు. అన్నిట్లోకీ పెద్దది. రెండు చేతులా పట్టి లాగితే ఇసకలో ఇంకా దిగబడింది. మూడోసారి లాగబోతుండగా పక్కన ఇంకో చెయ్యి, సిమెంటుకి పగిలి పగిలి గరుకెక్కిన చెయ్యి, భుజందాకా నీళ్ళలోకి దిగింది. మంచం మీంచి అప్పలస్వామి ఎప్పుడు లేచి వచ్చాడో ఆమె చూడలేదు.

"అలా కాదు. అడుగున వేళ్ళు పోనియ్యి. ఆఁ." రాయి లేచింది. "బల్లపరుపు వైపు కిందికి. లేకపోతే కూర్చోదు." మధ్యలో ఒకచోట దాన్ని దించి, అరచేత్తో నొక్కి చూశాడు. "నా కట్టుబడి ఊగకూడదు" అన్నాడు, ఎవరో అడిగినట్టు.

సువర్ణ ప్లాస్టిక్ అడ్డం పైకి లాగేసింది.

గ్రీన్ టెర్రర్ కదిలింది. టెక్సస్ ఒక్కసారి దాని మీదికి ఉరికి, దారిలో తెలియని రాయి అడ్డొచ్చి ఆగిపోయింది. ఆస్కార్ తన మూల కోసం ఆ కొసనుంచి ఈ కొసకి తిరుగుతోంది. కాసేపట్లో ప్రతి చేపా ప్రతి సందులోనూ మూతి పెట్టి చూస్తోంది. ఎవరికీ ఎవర్నీ కొట్టే తీరిక లేదు.

నాలుగింటికి వీధిలో తలుపులు తెరుచుకున్నాయి.

"ఇదేమిటండీ, మీరు మా వెనకుండాలి కదా!"

"సువర్ణ రాళ్ళు కడుగుతున్నట్టుంది."

"బుధవారమేమిటండీ?"

"పదింటికల్లా సర్దేస్తుంది లెండి."

"ఇప్పుడు నాలుగు దాటిందండీ బాబూ!"

అంబాజీపేట వెళ్ళడానికి ఇస్త్రీ పంచె కట్టుకుని సోమేశ్వరరావు గేటు తీశాడు. ఎదురుగా మనిషెత్తు కొబ్బరి డొక్కల గుట్ట. పంచె ఎగ్గట్టి, డొక్కల మీంచి జారుతూ అవతలికి దిగి చూస్తే, రోడ్డు ఉండాల్సిన చోట ఎవరిదో పెరటి గోడ. ఇటు నడిస్తే కాలవ వచ్చింది. అటు నడిస్తే మళ్ళీ డొక్కలే వచ్చాయి.

ఆ సమయానికే వ్యాను వచ్చింది. శారోన్ దిగి, తమ ఇంటి నీలం తలుపు కోసం నాలుగువైపులా చూసి, రెండిళ్ళ మధ్యన దాన్ని పట్టుకుంది. దారికి అడ్డంగా ఏమీ లేదు. బీరువా దిగింది, మంచాలు దిగాయి. నిలబడి చూసేవాళ్ళెవరూ లేరు. అందరూ ఎవరి పాట్లలో వాళ్ళున్నారు.

"ఏమండీ, మెయిన్‌రోడ్డుకి ఎటు?" వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఇప్పుడే అట్నుంచే వచ్చేమండీ" అంది శారోన్, చేతిలో కుర్చీ దించకుండానే. "ఆ పచ్చగోడ పక్కనుంచి వెళ్ళి కుడికి తిరగండి."

"థాంక్సండీ" అని పంచెకి అంటిన పీచు దులుపుకుంటూ సోమేశ్వరరావు పచ్చగోడదాకా వెళ్ళాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగి చూశాడు. అప్పటికి పుష్పలత తాళం తీసి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆయన సువర్ణ గుమ్మం దగ్గరికొచ్చాడు. "రాళ్ళు ఎప్పుడు సర్దుతావమ్మా?"

"కొత్త చేపని వేసేనండీ. సర్దుకునేదాకా కదపకూడదు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"చేపని బట్టి ఉంటుందండీ."

"ఇదేం న్యాయం?"

"ఆయ్, నిజమేనండీ" అంది సువర్ణ. "కూర్చోండి. కాఫీ తాగుతారా?"

మూణ్ణెల్లుగా రాని లారీ గురువారం పొద్దున్నే వచ్చింది.

ఆ తర్వాత వీధిలో ప్రేమలేమీ పుట్టలేదు. నిజానికి తగాదాలు పెరిగాయి. ఎవరి గుమ్మం ఎవరి కిటికీకి ఎదురుపడిందో, ఎవరి పొగ ఎవరి మంచం మీదికి పోతోందో, రోజుకొకటి. అందరితోనూ అందరికీ ఉన్నాయి. ఏ ఒక్కరి మీదా పదిమంది పడటం లేదు. గ్రీన్ టెర్రర్ తోక మళ్ళీ మొలిచింది. ఒకటి రెండుసార్లు అది జాక్ డెంప్సీని తరమడం కూడా అప్పలస్వామి చూశాడు.

మూడో వారం ఒక పొద్దున్న సువర్ణ మేత డబ్బా మూత తీస్తుంటే బయట గొంతులు లేచాయి.

"ఏమండీ సోమేశ్వరరావుగారూ! మీ వంటింటి నీళ్ళు మా గేటు ముందు వదిలితే మేం ఈదుకుంటూ రావాలా?" ముప్ఫయ్యేళ్ళు తరగతి గదుల్లో ఆరితేరిన గొంతు.

"ముందు మీ పైపు సంగతి చూసుకోండి టీచరుగారూ! పొద్దస్తమానం కారి చస్తోంది!"

"మా పైపు మా ఇంట్లో కారుతోంది! మీ నీళ్ళు వీధిలో కారుతున్నాయి!"

"వీధి మీ ఒక్కరిదేమిటండీ?"

"మీ ఒక్కరిదీ కాదు!"

సువర్ణ డబ్బా పట్టుకుని కదలకుండా నిలబడింది. రెండు గొంతుల్లో ఏదైనా తగ్గుతోందేమోనని ఒక నిమిషం చెవి ఒగ్గి విన్నది. రెండూ తగ్గలేదు. అప్పుడు మేత వేసింది.