నాలుగో ట్రాకు

నేను ఒక టేపు రికార్డరును. పాటలు వినిపించే మామూలు రకం కాదు. ఒకే క్యాసెట్టు మీద నాలుగు వరుసలు విడివిడిగా రికార్డు చేయగలను. ఒక వరుసలో డ్రమ్ములు, ఒకదానిలో బేసు గిటారు, ఇలా వేర్వేరుగా వాయించి చివరకు అన్నీ కలిపి వినవచ్చు. ఆ వరుసలను ట్రాకులంటారు. ఉన్నవి నాలుగే. నా కష్టమంతా ఆ లేని ఐదోదాని వల్ల వచ్చింది.

పుట్టింది జపానులో. ఓడ ఇంజనీరొకాయన భజనలు రికార్డు చేద్దామని నన్ను విశాఖపట్నం తెచ్చాడు. ఇన్ని బటన్లు చూసి భయపడి అటక మీద పెట్టేశాడు. అక్కడి నుంచి ఏలియా చేతికి వచ్చాను.

ఏలియా ఒక హార్డ్ రాక్ బ్యాండులో పన్నెండేళ్లు గిటారు వాయించాడు. చప్పట్లు మాత్రం పాడేవాడికి పడేవి. పాడేవాడే లేకుండా, ఎనిమిది పాటలతో, తన పేరు మీద ఒక్క ఆల్బమ్ చేయాలని అతని కోరిక. ఆ కోరికకు గడువు కూడా పడింది. ఎడమచేతి చివరి రెండు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. మోచేతి దగ్గర నరం నలుగుతోందని, ఆపరేషన్ చేసినా పట్టు తిరిగి రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు.

కంచరపాలెంలో అక్క మార్త ఇంటి మేడగదిలో పని మొదలైంది. పక్కనే పిండిమర. మోటారు తిరిగితే గిటారు తీగల్లోకి గుర్రుమని చప్పుడు చేరేది. మరకు సెలవు మంగళవారం. అందుకని ఆల్బమ్ మంగళవారాలే నడిచింది. డ్రమ్ములు స్నేహితుడు సన్యాసిరావువి, మిగిలినవన్నీ ఏలియావి. ఏడాది తిరిగేసరికి ఏడు పాటలు పూర్తయ్యాయి.

ఎనిమిదో పాటకు మూడు ట్రాకులు నిండాయి. అసలు గిటారు సోలోకు నాలుగోది ఒక్కటే మిగిలింది. మళ్లీ వాయిస్తే ముందుది పోతుంది. కాపీ దాచుకోవాలంటే నాలాంటిది ఇంకొకటి కావాలి.

సోలో మొదలుపెట్టాక మూడో మంగళవారం అతను వాయించినది నాకిప్పటికీ గుర్తుంది. చివరి స్వరాన్ని సాగదీసినప్పుడు అది తెగబోయి, తెగకుండా నిలిచింది. ఆరేసిన బట్టలు తేవడానికి వచ్చిన మార్త మెట్ల మీదే ఆగిపోయింది.

"ఇదేరా! ఇంక ముట్టుకోకు" అన్నాడు సన్యాసిరావు.

"మొదట్లో ఒక నోటు జారింది. ఇంకొక్కసారి."

"ఒరే, నీకు తప్ప ఆ జారుడు ఇంకెవడికి ఇనిపిస్తాదిరా?"

ఏలియా ఎర్ర బటను నొక్కాడు. నాలో టేపును తాకే తలలు రెండు: చెరిపేది ముందుంటుంది, రికార్డు చేసేది దాని వెనక. కొత్తది ఎలా వస్తుందో తెలియకముందే పాతది పోతుంది. నన్ను చేసినవాళ్లు అలా అమర్చారు. నేను చెరిపాను.

ఆ తర్వాత ప్రతి మంగళవారం చేతి పట్టు కొంచెం తగ్గింది. తగ్గిన చేతితో వాయించినదాన్ని, ఇంకా తగ్గిన చేతితో చెరిపించాడు. ఆరోసారి ఒక మోస్తరుగా కుదిరింది. అతను టీకి దిగినప్పుడు మార్త వచ్చి, క్యాసెట్టు వెనక అంచున ఉండే ప్లాస్టిక్ బిళ్లను పిన్నీసుతో విరిచేసింది. అది లేకపోతే నా ఎర్ర బటను దిగదు. పెళ్లిపాటల క్యాసెట్లను ఇళ్లలో అలాగే కాపాడుకుంటారు.

"అక్కా, దీన్నెవరు ఇరిచేసేరు?"

"నేనే. బాగానే వచ్చింది కదా, ఒగ్గేయ్."

"గిటారు గురించి నీకేటి తెలుసు?"

"గిటారు తెల్దు. టీ గ్లాసు రెండు సేతుల్తో పట్టుకుంటన్నావు, అది తెలుసు."

ఏలియా మందుల పెట్టెలోంచి ప్లాస్టరు తీసి, ఆ కన్నం మీద అంటించాడు. బటను దిగింది. పందొమ్మిది సెకన్లు వాయించాక వేళ్లు తీగల మీద నుంచి జారిపోయాయి. నిమిషన్నర పాటు మిగతా మూడు ట్రాకులే నడిచాయి, నాలుగోదాంట్లో ఆరోసారి వాయించినది చెరిగిపోతూనే ఉంది. చెయ్యి మళ్లీ లేవలేదు.

"ఏడున్నాయి కదరా, ఏడే ఒదుల్దాం. ఎవుడు లెక్కెడతాడు?" అన్నాడు సన్యాసిరావు.

"నేను లెక్కెడతాను" అన్నాడు ఏలియా. ఆల్బమ్ బయటికి రాలేదు.

నాలుగేళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం అతనే అడిగాడు. "అక్కా, ఆ ఆఖరి పాట ఒకసారి పెట్టు."

మార్త నన్ను తుడిచి పెట్టింది. పందొమ్మిది సెకన్ల తర్వాత గిటారు ఆగింది. డ్రమ్ములు సాగుతున్నాయి. ఏలియా కళ్లు మూసుకుని, ఆ ఖాళీలో సన్నగా నోటితో అందుకున్నాడు. మూడో మంగళవారం నాటి సోలో. ఒక్క స్వరం తప్పలేదు. మైకు నాకు తగిలించే ఉంది, క్యాసెట్టు కన్నం మీద ప్లాస్టరూ అలాగే ఉంది. నాలుగో ట్రాకు సిద్ధంగా ఉంది.

మార్త వేలు ఎర్ర బటను దాకా వచ్చింది. నొక్కవచ్చు. పందొమ్మిది సెకన్లు దాటిపోయాయి, ఇక చెరగడానికి అక్కడ ఏమీ లేదు. ఆ సంగతి ఆమెకు తెలియదు. చెప్పడానికి నాకు నోరు లేదు. తమ్ముడి చేతి వాయింపు ఆ కాస్తయినా మిగలాలనుకుందో ఏమో, వేలు వెనక్కి తీసుకుని చీర కొంగులో దాచుకుంది.

అతను చివరి స్వరం దాకా పాడాడు.